అన్నీ తేలకముందే అధిపతి గట్టిగా మాట ఇవ్వవచ్చునా?

ప్రశ్న: ఆటోనగర్ ప్లానింగ్ ఇంజినీరు

మాది గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ సంస్థ. మా మేనేజింగ్ డైరెక్టర్ గారు పని తెలిసిన మనిషి, మర్యాదస్తులు. అయితే నెలవారీ సమీక్షలో ఏ విషయం వచ్చినా "పరిశీలిద్దాం", "వీలైనంత త్వరలో చేద్దాం" అనే ముగిస్తారు. ఉక్కు పలకలను గుండ్రంగా వంచే పాత ప్లేట్ రోలింగ్ మెషీన్‌ను మార్చాలా, మరమ్మతు చేయించాలా అన్నది ఇలాగే నానుతోంది. కొనుగోలు విభాగం కొటేషన్లు తెప్పించి ఊరుకుంది. మెయింటెనెన్స్ వారేమో ఎలాగూ కొత్తది వస్తుంది కదా అని పాతదాని జోలికి వెళ్ళడం మానేశారు. ఆర్డర్లు నిలకడగా లేనప్పుడు మాట ఇవ్వడం దుడుకుతనమని ఆయన భయం. అది అర్థం లేని భయమని నేను అనను. మీరేమంటారు?

జవాబు: ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

గట్టి మాట ఒక్కటే చాలదని మన ఊరికి బాగా తెలుసు. విశాఖలో ఉక్కు కర్మాగారం పెడతామని ఇందిరా గాంధీ గారు 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ మాటలో తడబాటు లేదు. అయినా నిధులు చాలక పనులు ఏళ్ళ తరబడి సాగి, కర్మాగారం జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు 1 వచ్చింది. కాబట్టి మెషీన్ కొంటామని ఆయన అన్నా, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో, దానికోసం ఏ పని ఆపుతారో కూడా అదే నోటితో చెప్పించుకోండి.

జవాబు: పాత నావికుడు, పోర్టు ప్రాంతం

మాట కచ్చితంగా ఉండటం వేరు, నిర్ణయం మార్చకుండా ఉండటం వేరు. మీ ఎండీ గారు ఈ రెంటినీ ఒకటిగా భావిస్తున్నట్లున్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోంచి ఓడను లోపలి రేవుకు తెచ్చేటప్పుడు ఓడకు దారి చూపే పైలట్ "పోర్ట్ టెన్" (ఎడమకు పది డిగ్రీలు) అని ఆజ్ఞ ఇస్తే, చుక్కాని పట్టినవాడు ఆ మాటే తిరిగి పలికి, చక్రం తిప్పి, చుక్కాని పది డిగ్రీలకు చేరగానే మళ్ళీ చెబుతాడు. గాలి తిరిగితే మరుక్షణమే ఇంకో ఆజ్ఞ వస్తుంది, అదీ అంతే స్పష్టంగా ఉంటుంది. మొదటిది తప్పని ఎవరూ అనుకోరు. మీ సమావేశంలోనూ ఇలా చెప్పవచ్చు: "నెలాఖరు వరకు పాత మెషీన్‌తోనే నడుపుతాం, దాని బాధ్యత ఫలానా వారిది, కొనాలా వద్దా అన్నది 30వ తేదీన నేను తేలుస్తాను, అప్పటికి పెద్ద ఆర్డరు ఖాయం కాకపోతే కొనం." ఇందులో తేలని విషయం తేలనట్లే ఉంది, ఎవరి పని మాత్రం ఆగలేదు.

జవాబు: పరవాడ ఉత్పత్తి విభాగం

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. నేను లోగడ పనిచేసిన చోట పైవారు తేదీ ప్రకటించాక, అది అందదని తెలిసినవారు కూడా చివరి వారం దాకా నోరు విప్పేవారు కారు. తేదీ ఖాయం చేసేముందు "ఇది అందదని ఎవరికైనా అనిపిస్తోందా?" అని అడిగి, చెప్పినవారి మీద విసుక్కోకుండా వినాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. వచ్చే సమీక్షకు ఒక పేజీ నోట్ తయారు చేస్తాను. 30వ తేదీ అని నేనే రాయవచ్చునా?

పాత నావికుడు

మెయింటెనెన్స్ బాధ్యుల పేరు, ఖర్చు మీరే రాయండి. తేదీ గడి మాత్రం ఖాళీగా ఉంచండి. అందరి ఎదుటా ఆయనే చెప్పి, ఆయన చేతితోనే నింపాలి.