స్లాబుకు, దూలాలకు కాంక్రీటు ఎంత కావాలి?

ప్రశ్న: మా స్లాబు 30×40 అడుగులు, మందం 5 అంగుళాలు. దూలాల మొత్తం పొడవు 200 అడుగులు, వెడల్పు 9 అంగుళాలు, స్లాబుతో కలిపి లోతు 15 అంగుళాలు. ఎం20 కాంక్రీటు ఎంత అవసరమో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: స్లాబుకు 500 ఘనపు అడుగులు పడుతుంది. దూలాల పై 5 అంగుళాలు స్లాబు లెక్కలోనే వచ్చేసినందున, కింది 10 అంగుళాలకే లెక్క వేస్తే 125 వస్తుంది. మేస్త్రీలు చాలామంది పూర్తి లోతు పట్టి ఎక్కువ చెబుతుంటారు. మొత్తం 625 ఘనపు అడుగులు, అంటే సుమారు 17.7 ఘనపు మీటర్లు. ఎం20కి వాడే 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర) పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున దాదాపు 142 బస్తాల సిమెంటు కావాలి.

మరో జవాబు: మెట్ల కోసం వదిలిన ఖాళీని తీసివేశారా? అది 10×8 అడుగులైతే 33 ఘనపు అడుగులు తగ్గుతాయి. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) తెప్పించేటట్లయితే వృథాకు 5 శాతం కలపండి. చివరి లారీకి ముందు మిగిలిన భాగాన్ని టేపుతో కొలిచి, ఆ పరిమాణమే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: ఖాళీ సరిగ్గా అంతే ఉంది, తీసివేసి లెక్కిస్తాను. ధన్యవాదాలు.