కోనసీమలో పొలాలు, వంటల టూర్ పెడదామనుకుంటున్నాను. రూటు, డబ్బుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

గోదారి_బాటసారి:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ కంపెనీలో ఏడేళ్లు చేసి, సంక్రాంతికి ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆ ఏడేళ్లలో ఎంతమందిని ఊటీకి, గోవాకి పంపానో లెక్కలేదు. మా గోదావరికి మాత్రం ఒక్కరినీ తీసుకురాలేదు. ఆ లోటు తీర్చుకోవాలని ఉంది.

నా ప్లాన్ ఇది. పన్నెండు మంది, ఒక టెంపో ట్రావెలర్, ఒక్క రోజు, మనిషికి 2,500. పొద్దున్నే ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం, అక్కడి నుంచి కడియం నర్సరీలు, ఆత్రేయపురంలో పూతరేకులు, మధ్యాహ్నం పులస చేపతో భోజనం, అంబాజీపేటలో కొబ్బరి, సాయంత్రం తాపేశ్వరం కాజా. మొన్న మా చుట్టాలతో ట్రయల్ వేశాను. ఇల్లు చేరేసరికి రాత్రి పదయింది. తాపేశ్వరంలో మా అత్తయ్య బండి దిగనే లేదు, కాజాలు కిటికీలోంచి అందించాం.

అసలు బాధ అది కాదు. ఆత్రేయపురంలో ఒకావిడ ఇంట్లో గంట కూర్చున్నాం. మావాళ్లు వీడియోలు తీసుకున్నారు, నేనూ చేస్తానంటూ పిల్లలు పిండిలో చేతులు పెట్టారు, చివరికి రెండు డబ్బాలు కొన్నారు. వచ్చేటప్పుడు నేను 500 ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "మా ఇంటికొచ్చారు, డబ్బులేంటి బాబూ" అంది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆమె పని చెడగొట్టి, ఊరికే వచ్చేశామని తెలుస్తోంది. వీళ్లకి డబ్బులు ఎలా ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి? ఒక రోజులో ఎన్ని చోట్లు పెట్టుకోవాలి?

గౌతమి_గట్టు:

తమ్ముడూ, రావులపాలెం నుంచి నాలుగేళ్లుగా నేను నడుపుతున్నది ఇదే. నెలకి మూడు, మహా అయితే నాలుగు. ముందు డబ్బుల సంగతే చెప్తాను, ఎందుకంటే నువ్వు చేసిన తప్పే నేను ఇంకా పెద్దగా చేశాను.

మొదటి ఏడాది ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు ఇరవై రెండు మంది వచ్చారు. అందరినీ ఒకేసారి ఒక ఇంటి వసారాలోకి దింపాను. నువ్వు చూసే ఉంటావు, అక్కడ చోటు ఎంతుంటుందో. నేల మీద పొయ్యి, దాని మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. రేకులు తీసే ఆమె పక్కన గిన్నెలో పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. గుడ్డ అందులో ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద పరిచి లాగుతుంది. రెండు మూడు సెకన్లు, అంతే. కుండకి పొర పట్టేస్తుంది. అంచు గోటితో లేపి, చిరగకుండా ఒలిచి పక్కన పెడుతుంది. మళ్లీ గుడ్డ ముంచుతుంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే కుండని వదలదు. అందుకని మధ్యమధ్యలో ఒక చేత్తో ఆకులు ఎగదోస్తూ ఉంటుంది. ఆ లయ ఒకసారి తప్పితే మళ్లీ కుదరడానికి సమయం పడుతుంది.

ఆ రోజు ఇరవై రెండు మంది ఇరవై రెండు ప్రశ్నలు అడిగారు. ఆమె ప్రతిదానికీ నవ్వుతూ జవాబు చెప్పింది. మధ్యలో ఎవరి కాలో తగిలి కుండ కదిలింది, ఆరిన రేకుల దొంతర ఒకటి విరిగిపోయింది. సాయంత్రం మిగతా డబ్బులు ఇవ్వడానికి, ఆమెతో రేకులు తీయించుకునే దుకాణం ఆయన దగ్గరికి వెళ్తే ఆయన మామూలుగా అన్నాడు, "ఇవాళ ఆవిడకి సగం రేకులే పడ్డాయమ్మా" అని. రేకుల లెక్క మీదే ఆమె కూలీ. నేను ఇచ్చిన డబ్బులు మాత్రం దుకాణానికి వెళ్లాయి. అంటే నా టూర్ వల్ల ఆ రోజు నష్టపోయింది ఒక్క ఆవిడే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు ఆమె దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "నీకు ఒక పూటకి ఎంత వస్తుంది పిన్నీ" అని అడిగాను. చెప్పింది. దానికి రెట్టింపు, ముందు రోజే, ఆమె చేతికే ఇస్తానన్నాను. "ఇది కూలీ, రేపు పొద్దున మాకు నేర్పడానికి" అన్నాను. అప్పుడు తీసుకుంది. నీ 500 ఆవిడ ఎందుకు వద్దందో తెలుసా? వెళ్లేటప్పుడు చేతిలో పెట్టేది వాళ్లకి ఈనాంలా అనిపిస్తుంది. ఇంటికొచ్చినవాళ్ల దగ్గర ఈనాం ఏ ఆడమనిషి తీసుకుంటుంది? ముందే పని మాట్లాడి, రేటు అడిగి ఇస్తే అది కష్టార్జితం. అమ్మకం దాంతో కలపకు. ఎవరూ ఒక్క డబ్బా కొనకపోయినా ఆమె కూలీ ఆమెకి రావాల్సిందే.

ఇప్పుడు నేను ఎనిమిది మందిని మించి తీసుకెళ్లను. పొయ్యి దగ్గర ఒకసారికి నలుగురు, మిగతా నలుగురు అరుగు మీద రేకుల్లో నెయ్యి, బెల్లంపొడి వేసి చుట్టడం నేర్చుకుంటారు. అరగంటకి మారతారు.

నా లెక్క కూడా దాచను. ఎనిమిది మంది, మనిషికి 2,500, మొత్తం 20,000. బండికి 5,500. భోజనాలకి 3,500, డ్రైవరుతో, నాతో కలిపి పది విస్తళ్లు. రేకుల ఇంటికి 1,600. కొబ్బరి తోటలో రైతుకి, చెట్టెక్కి కాయలు దింపే ఆయనకి కలిపి 2,000. టిఫిను, టీలకి 600. నాకు మిగిలేది 6,800. పన్నెండు మందిని ఎక్కిస్తే ఇంకా మిగులుతుంది, నిజమే. కానీ వసారా పెద్దది కాదు కదా.

ఇక రూటు. తాపేశ్వరం తీసెయ్యి. అది మండపేట పక్కన, అంబాజీపేట అమలాపురం వైపు, మధ్యలో గోదారి గౌతమి పాయ. కాజాకి ఇంకో రోజు పెట్టుకో. పొద్దున్నే రావులపాలెం అరటి మార్కెట్‌తో మొదలుపెట్టు. సైకిళ్లకి అటూ ఇటూ గెలలు వేలాడదీసుకుని రైతులు వస్తుంటారు. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి, కూరకి బొంత, ఇన్ని రకాలు ఒకచోట చూస్తే సిటీ పిల్లలకి అరటిపండంటే ఒకటే రకం కాదని తెలుస్తుంది. ధవళేశ్వరం వదలకు. 1852లో ఆనకట్ట పూర్తి కాకపోతే ఈ వరి లేదు, ఈ రేకుల్లేవు. మ్యూజియంలో గంటసేపు తిప్పక్కర్లేదు, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటేటప్పుడు బండిలోనే పది నిమిషాలు చెప్పు. కళ్లెదుట నీళ్లుంటాయి కాబట్టి వింటారు.

పులస మాత్రం పెట్టకు. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వచ్చినప్పుడే అది పులస. ఆ రోజులే వరద రోజులు. నది మధ్య లంక ఊళ్లకి మనుషుల్ని, బళ్లని దాటించే పంటులు ఆగిపోతాయి, రోడ్ల మీదకి నీళ్లొస్తాయి. దొరికేది తక్కువ, ధర చెప్పనక్కర్లేదు, బయటి నుంచి వచ్చిన ఇలస చేపని పులసని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. మాట ఇచ్చి తప్పడం కన్నా ఇవ్వకపోవడం మేలు. వరద నెలల్లో పడవ ఊసు అసలెత్తకు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర టూరిస్టుల పడవ మునిగిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

భోజనం హోటల్లో వద్దు, ఒక ఇంట్లో పెట్టించు. చలికాలంలో కంద బచ్చలి కూర, వేసవి ముందు ఆవపెట్టిన పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు, అరిటాకు. మా వాళ్లలో చాలామంది ఆర్నెల్ల తర్వాత కూడా ఫోన్ చేసి అడిగేది ఆ పనసపొట్టు గురించే.

రేకులమ్మాయి:

గౌతమి అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మ ఇరవై ఏళ్లుగా రేకులు తీస్తోంది. నేను ఆ డబ్బులతోనే డిగ్రీ చదివాను.

ఇంకో రెండు సంగతులు చెప్తాను. పొయ్యి దగ్గర ఫ్యాన్ వెయ్యరు. గాలికి మంట నిలవదు, రేకు ఎగిరిపోతుంది. లోపల ఉక్కగా, పొగగా ఉంటుంది. వచ్చినవాళ్లు "అబ్బా, ఫ్యాన్ వెయ్యండి" అంటే అమ్మ మొహమాటపడి వేస్తుంది, తర్వాత పని పాడవుతుంది. బండిలోనే చెప్పి తీసుకురండి.

రెండోది ఫోటోలు. పొయ్యి ముందు అమ్మ పాత నైటీలో, చెమటతో, జుట్టు ముడేసుకుని ఉంటుంది. ఒకసారి ఎవరో వీడియో తీసి పెట్టారు. లక్షల మంది చూశారని మా పక్కింటి అబ్బాయి సంతోషంగా చూపించాడు. అమ్మ రెండు రోజులు వాకిట్లోకి రాలేదు. ముందే చెప్పి ఉంటే మంచి చీర కట్టుకునేదాన్ని కదా అంది. అడిగి తీయండి. అడిగితే మా ఊళ్లో ఎవరూ కాదనరు.

2023లో మా పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఇవి మా ఊరివేనన్న ప్రభుత్వ గుర్తింపు, వచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నాం. కానీ డబ్బా మీద దుకాణం పేరుంటుంది, రేకు తీసినవాళ్ల పేరు ఉండదు. మీ టూర్‌కి వచ్చినవాళ్లకి ముందు ఆవిడ పేరు చెప్పి పరిచయం చెయ్యండి అన్నా. "ఈవిడ రేకులు చేస్తారు" అని వదిలెయ్యకండి.

కొబ్బరి_తోట:

బాబూ, నాకు అంబాజీపేట దగ్గర మూడెకరాల తోట ఉంది. టూర్లవాళ్లు వస్తారు, బోండాలు తాగుతారు, చెట్ల మధ్య ఫోటోలు దిగుతారు, వెళ్తారు. కాయ రేటెంత అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అది అడిగేవాళ్లని తీసుకురా, రోజంతా మాట్లాడతాను.

దింపు రోజు చూసుకుని రండి. నెలన్నరకో, రెండు నెలలకో ఒకసారి దింపు ఉంటుంది. మిగతా రోజుల్లో వస్తే చూడ్డానికి చెట్లే. దింపు ఆయన నడుముకి కత్తి కట్టుకుని, కాళ్లకి బంధం వేసుకుని ఎక్కుతుంటే కింద నిలబడినవాళ్లకి గుండె దడ పుడుతుంది. ఆ పనికి ఇప్పుడు కుర్రాళ్లు రావడం లేదు. ఉన్నవాళ్లంతా యాభై దాటినవాళ్లే. సరదాగా ఇంకోసారి ఎక్కి చూపించమని మాత్రం ఆయన్ని అడగొద్దు. ఎన్ని చెట్లు ఎక్కాలో అన్నే ఎక్కుతాడు.

తర్వాత గునపం మీద వలుపు చూపించండి. అటక మీద కురిడీ చూపించండి. కాయని నెలల తరబడి అటక మీద ఉంచితే నీళ్లు ఇంకిపోయి లోపల గుండు విడిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గటగటమంటుంది. మా మార్కెట్లో ఒక రకం పేరే గటగట, ఇంకోటి గండేరా. పిల్లల చేతికి పచ్చికాయ ఒకటి, కురిడీ ఒకటి ఇచ్చి ఊపమనండి. వాళ్లే తేడా చెప్తారు.

నా తోటలో చెట్లన్నీ ఒకే వయసువి. ఎందుకో ఎవరూ అడగరు. 1996 నవంబరు 6 తుపానుకి మా నాన్న వేసిన చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. తెల్లారి చూస్తే తోట లేదు, ఆకాశం కనిపించింది. మళ్లీ మొక్క నాటి, కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాం. ఎవరైనా అడిగితే ఆ ముచ్చట చెప్తాను. దానికి డబ్బులు అక్కర్లేదు. దింపు ఆయన కూలీ మాత్రం గౌతమి గారు ఇచ్చినట్టే విడిగా ఇవ్వండి.

మెతుకు_సీమ:

మాది జహీరాబాద్ దిక్కు. మా దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చేసే పాత పంటల జాతర ఒకసారి వచ్చి చూడండి. సంక్రాంతికి మొదలైతది. ఎడ్లబండ్లను అలంకరించి, జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతరు. విత్తనం గురించి మైకులో చెప్పేది సాగు చేసే అక్కలే. గైడ్ ఉండడు. చూడ్డానికి వచ్చినవాళ్లు నేల మీద కూర్చుని వింటరు. మీ టూర్‌లో కూడా కొబ్బరి గురించి రైతునే మాట్లాడనివ్వండి. మీరు పక్కన నిలబడితే చాలు.

గోదారి_బాటసారి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. గౌతమి అక్కా, మీ లెక్క కాగితం మీద రాసుకుని గోడకి అంటించాను. ఎనిమిది మందికే కుదిర్చాను. తాపేశ్వరం, కడియం, పులస మూడూ తీసేశాను. రావులపాలెం అరటి మార్కెట్, ఆత్రేయపురం, ఒక ఇంట్లో భోజనం, కొబ్బరి తోట, అంతే. తోట గారూ, మీ వచ్చే దింపు ఎప్పుడో చెప్తే ఆ తేదీకే టూర్ పెడతాను. కాయ రేటు అడిగే మొదటివాణ్ని నేనే అవుతాను.

నిన్న ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లాను. పూట కూలీ ఎంతో అడిగాను. కాసేపు నా మొహం చూసి, చెప్పింది. దానికి రెట్టింపు ఇస్తాను, ఇది నేర్పినందుకు అన్నాను. "అయితే ముందు నువ్వు కూర్చో, నీకు వస్తుందేమో చూద్దాం" అంది. గుడ్డ ముంచి కుండ మీద పరిచేసరికి వేళ్లు చురుక్కుమన్నాయి. నాలుగు రేకులూ నడిమికి చిరిగాయి. ఐదోది అంచు దాకా లేచింది. ఆవిడ దాన్ని తీసి, కాస్త నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి, మడిచి నా చేతిలో పెట్టింది. వచ్చే ఆదివారం తొమ్మిది లోపు రమ్మంది, ఎండ ముదిరితే పొయ్యి దగ్గర కూర్చోలేరట. పేరు కూడా అడిగి రాసుకున్నాను. ఫోటో ఇంకా అడగలేదు, ఆదివారం అడుగుతాను.