1830 జులై విప్లవం: ఫ్రాన్స్‌లో అధికారం నిజంగా చేతులు మారిందా?

చరిత్రపిపాసి:
1830 జులైలో పారిస్ జనం మూడు రోజులు పోరాడి రాజు పదో చార్లెస్‌ను దించేశారు. ఆగస్టులో లూయీ ఫిలిప్ గద్దెనెక్కాడు. ఒక రాజు పోయి ఇంకో రాజు వచ్చాడు, అంతే కదా? దీన్ని విప్లవం అనొచ్చా?

కృష్ణాతీరం:
తప్పకుండా అనొచ్చు. రాజ్య భద్రత కోసం రాజు ఆర్డినెన్సులు ఇవ్వొచ్చని 1814 చార్టర్‌లో, అంటే అప్పటి రాజ్యాంగంలో, 14వ అధికరణ చెప్పేది. దాన్ని పట్టుకునే చార్లెస్ పత్రికల నోరు నొక్కాడు, కొత్తగా ఎన్నికైన సభను ఒక్కసారైనా కూర్చోనివ్వకుండా రద్దు చేశాడు, ఓటర్లను తగ్గించాడు. 1830లో సవరించిన చార్టర్ ఆ మాట తీసేసి, చట్టాన్ని నిలిపేసే అధికారం రాజుకు లేదని తేల్చింది. బిల్లు పెట్టే హక్కు సభలకూ వచ్చింది. చార్టర్ రాజు దయతో ఇచ్చిందని చెప్పే పాత పీఠికను పూర్తిగా కొట్టేశారు. లూయీ ఫిలిప్ సభల ముందు ప్రమాణం చేశాకే రాజయ్యాడు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే.

ఎర్రమందారం:
ఆ షరతులు ఎవరి కోసం అండీ? బారికేడ్ల దగ్గర ప్రాణాలిచ్చింది అచ్చుపనివాళ్లు, వడ్రంగులు, తాపీవాళ్లు. ఓటు రావాలంటే కట్టాల్సిన పన్నును 1831 చట్టం 300 ఫ్రాంకుల నుంచి 200కు దించింది. దాంతో ఓటర్లు సుమారు 1,67,000 అయ్యారు. జనాభా 3 కోట్ల పైమాటే! అదే ఏడాది నవంబరులో లియోన్ నగరంలో పట్టు నేతగాళ్లు ఒప్పుకున్న కూలి రేటు ఇమ్మని తిరగబడితే, వాళ్ల మీదికి సైన్యం వెళ్లింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కృష్ణాతీరం:
మీ కోపం న్యాయమైనదే. కానీ ఓటర్ల లెక్క ఒక్కటే చూస్తే ఎలా? లూయీ ఫిలిప్‌ను దించేసిన 1848 విప్లవం మగవాళ్లందరికీ ఓటిచ్చింది, ఓటర్లు 90 లక్షలు దాటారు. వాళ్లే డిసెంబరులో నెపోలియన్ చక్రవర్తి తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. 1851 డిసెంబరు 2న అతను సైన్యాన్ని దింపి సభను రద్దు చేశాడు. పాలకుడి చేతులు కట్టని ఓటు ఎంతకాలం నిలుస్తుంది?

ఎర్రమందారం:
దానికి ముందు జరిగింది వదిలేశారు. 1850 మే 31న అదే సభ, ఒకే చోట మూడేళ్లు నివాసం ఉండాలనే నిబంధన పెట్టి దాదాపు 30 లక్షల మంది ఓటు తీసేసింది. పని వెతుక్కుంటూ ఊళ్లు మారే కూలీలే వాళ్లలో ఎక్కువ. లూయీ నెపోలియన్ ఆ ఓటు తిరిగి ఇస్తానంటూ వచ్చాడు. తన ఓటు లాక్కున్న సభను కాపాడటానికి పారిస్ కార్మికుడు మళ్లీ బారికేడ్ ఎందుకెక్కాలి, చెప్పండి?