సుగంధిపాల వేర్లతో షర్బత్ ఎలా చేయాలి?

కడప నుంచి మా అత్త పావుకిలో సుగంధిపాల వేర్లు పంపింది. ఆదివారం అపార్ట్‌మెంట్‌లో అందరికీ నన్నారి షర్బత్ ఇద్దామనుకుంటున్నా. ఇంట్లో చేసినవాళ్లు ఎవరైనా చెప్తారా?

అనంతపురం అక్క: వేర్లు బాగా కడిగి, రోకలితో మెల్లగా తట్టు. బెరడు విడిపోతుంది. లోపలి తెల్ల పుల్ల పారేయి, వాసనంతా బెరడులోనే ఉంటుంది. దాన్ని కచ్చాపచ్చాగా దంచి, వంద గ్రాములకు లీటరు మరిగిన నీళ్లు పోసి రాత్రంతా మూత పెట్టు. పొద్దున వడకట్టి, కిలోన్నర పంచదార వేసి కాచు. వేళ్లకు జిగురుగా తగలగానే దించి నిమ్మరసం పిండు, అప్పుడు పాకం గడ్డకట్టదు. మా నాయన బెల్లమే వేయమంటాడు గానీ నాకు నచ్చదు, వేరు వాసన పోతుంది. బజారు సీసాల్లా ఎర్రగా రాలేదని టెన్షన్ పడకు, అది కలిపిన రంగు.

ప్రశ్న అడిగినావిడ: థాంక్స్ అక్కా. సోడానా, నీళ్లా? మా కింది ఫ్లాట్ తాతగారికి షుగర్.

అనంతపురం అక్క: పిల్లలకు సోడా. ముందు పాకం, నిమ్మరసం, నానిన సబ్జా వేసి, సోడా చివర్లో పొయ్యి. పెద్దవాళ్లకు కుండనీళ్లే బాగుంటాయి. తాతగారికి పాకం వద్దు. నాలుగు వేర్లు కుండలో వేసి ఉంచు, ఆ నీళ్లే ఇవ్వు.

ఇంకొకరు: ఏ అపార్ట్‌మెంటో చెప్తే మేమూ వస్తాం!