నెట్‌హ్యాక్ గేమ్: క్రెడిట్ కార్డుతో తాళం తీయగలుగుతున్నా, వేయలేకపోతున్నా

నెట్‌హ్యాక్ 3.6.6, నా పాత్ర టూరిస్టు, నాలుగో అంతస్తు, డెక్స్టెరిటీ (చేతి నేర్పు) 10. మొదట్లో ఇచ్చిన క్రెడిట్ కార్డు తప్ప తాళాల సామాను ఏదీ లేదు. తాళం తీయడానికి కార్డు బాగానే పనికొస్తోంది, నాలుగైదు టర్నుల్లో తలుపు తెరుచుకుంటోంది. లోపలికెళ్లి తాళం వేద్దామంటే మాత్రం కార్డుతో కుదరదని మెసేజ్ వస్తోంది. ఉత్తినే మూస్తే ఓర్క్‌లు (రాక్షసులు) తలుపు తెరుచుకుని వచ్చేస్తున్నాయి, నా టూరిస్టుకేమో ప్రాణం చాలా తక్కువ. ఫోర్స్ కమాండ్ (తాళాన్ని బలవంతంగా తెరిచేది) పెట్టెలకే గానీ తలుపులకు పనిచేయట్లేదు.

ఏ రకమో తెలియని వాండ్ (మంత్రదండం) ఒకటి దొరికింది. రకం తెలుసుకుందామని దాంతో నేల మీద రాసి చూస్తే ప్రత్యేకంగా ఏ మెసేజూ రాలేదు. అంటే లాకింగ్ (తాళం వేసే వాండ్) కావచ్చు. ఓపెనింగ్, ప్రోబింగ్, అన్‌డెడ్ టర్నింగ్, నథింగ్ అనే రకాలు కూడా కావచ్చు. వాండ్‌ని కొన్నిసార్లే వాడగలం కాబట్టి ఆ ఛార్జీలు వృథా చేయాలని లేదు. తాళం లేకుండా మూసి ఉన్న తలుపు మీద ఒక్కసారి జాప్ చేస్తే (వాండ్ ప్రయోగిస్తే) అది లాకింగో కాదో కచ్చితంగా తేలిపోతుందా?