న్యూ మెక్సికో మట్టిగోడలు, మన చుట్టిల్లు: ముద్ద ఎవరిది, ఇటుక ఎవరిది?

పాలకొండ వాసి:
అమెరికాలోని న్యూ మెక్సికో మట్టి ఇళ్లు అక్కడి ఆదివాసులైన ప్యూబ్లో తెగల పనితనమని కొందరు, స్పెయిన్ వాళ్లు నేర్పారని కొందరు అంటారు. ఏది నిజం? ఇంకోటి, మన చుట్టిల్లు గోడకి సిమెంటు పూస్తే అడుగున పొక్కి ఊడిపోతోంది. అక్కడా ఇలాగే అయిందా?

బొబ్బిలి మట్టి:
ముద్ద ప్యూబ్లోలది, అచ్చు స్పెయిన్‌ది. 1540లో బయల్దేరిన స్పెయిన్ సేనాని కొరొనాడో దండులోని కాస్తన్యేదా అనే సైనికుడు రాసిపెట్టాడు: ప్యూబ్లోలు పుల్లలూ గడ్డీ పోగేసి కాల్చి, సగం బొగ్గూ బూడిదా అయ్యాక మట్టీ నీళ్లూ పోసి కలిపేవారు, సున్నం లేదు గనక. దాన్ని గుండ్రటి ముద్దలు చేసి, రాళ్ల బదులు పేర్చేవారు. మన చుట్టిల్లు గోడ లేపే తీరుకి ఎంత దగ్గరో చూడండి. 1598లో స్పెయిన్ వలసదారుల నాయకుడు ఒన్యాతే వచ్చి స్థిరపడ్డాక చెక్క అచ్చులో పోసిన పచ్చి ఇటుక వాడకంలోకొచ్చింది. ఆ ఇటుక పేరు అడోబె, ఆ మాటే అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి వెళ్లింది. గుమ్మటంలాంటి రొట్టెల పొయ్యి, ఓర్నో, కూడా స్పెయిన్ వాళ్లు తెచ్చిందే. ఇప్పుడది ప్యూబ్లోల సొంతమైపోయింది.

సోంపేట తీరం:
కలిసిమెలిసి కట్టుకున్నారని మాత్రం అనుకోకండి గురూ. స్పెయిన్ వాళ్లు కట్టించిన మట్టి చర్చిల వెనక ప్యూబ్లోల వెట్టిచాకిరీ ఉంది. 1680లో పోపే అనే ప్యూబ్లో నాయకుడు ముందు నిలబడి, వాళ్లంతా తిరగబడితే స్పెయిన్ వాళ్లు పన్నెండేళ్లు వెనక్కి రాలేకపోయారు. ఇంకో సంగతి, ప్యూబ్లోల్లో గోడ లేపడం ఆడవాళ్ల పని. అలికే పని తర్వాత కూడా వాళ్ల చేతిలోనే ఉంది, మన దగ్గరలాగే.

బొబ్బిలి మట్టి:
సిమెంటు సంగతి. న్యూ మెక్సికోలోని రాంచోస్ దె తావోస్ ఊరి మట్టి చర్చికి 1967లో గట్టి సిమెంటు పూత వేశారు. లోపలికి దిగిన తడి ఆవిరవలేక ఇటుక మెత్తబడింది. 1979లో అంతా ఊడగొట్టి మళ్లీ మట్టే మెత్తారు. ఇప్పటికీ ఏటా ఊరివాళ్లే చేరి పూస్తారు.

మీ పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి, తుపాన్ల నెలల్లో పూత ఆరదు. గోడని తట్టి, డొల్లగా మోగినచోట సిమెంటు ముందు తీయండి. మొత్తం ఒక్కరోజే పీకొద్దు, కొన్నిచోట్ల గోడని ఆ పెంకే ఆపుతుంటుంది. మెత్తబడ్డది గీకి, రెండు మూడు వారాలు ఆరనిచ్చి, అదే మట్టితో చేసి ఎండబెట్టిన ఇటుక ముక్కలతో పూడ్చండి. పచ్చి బురద దట్టిస్తే ఆరాక కుంచించుకుని గోడని వదిలేస్తుంది.

పాలకొండ వాసి:
చెరువు మట్టి ఒక్కటే సరిపోతుందా?

బొబ్బిలి మట్టి:
నెర్రెలిస్తుంది. గాజుసీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి ఒకరోజు కదపకుండా ఉంచండి. ఇసుక కింద, బంకమన్ను పైన తేరుతాయి. బంక మూడోవంతు దాటితే ఇసుక కలపండి. తరిగిన వరిగడ్డి వేసి, గోడ తడిపి, ఒక్కో పూత అర అంగుళం మించకుండా వేయండి.

సోంపేట తీరం:
చూరు కూడా చూడండి. అక్కడ చదును కప్పు నీళ్లు చెక్క తూముల్లోంచి దూరంగా పడతాయి, వానా తక్కువే. మనకి తాటాకు చూరు కిందికి దిగాల్సిందే. చూరు నీళ్లు పడేచోట చిన్న కాలవ తీయండి. గోడ మొదలుకి ఆనించి సిమెంటు గచ్చు మాత్రం వేయొద్దు, నేల చెమ్మంతా గోడలోకే ఎక్కుతుంది.