అప్‌డేట్: డిగ్రీయా, పైలట్ శిక్షణా? నిర్ణయానికి వచ్చాను

పాఠశాల చదువు అయ్యాక డిగ్రీలో చేరాలా, నేరుగా కమర్షియల్ పైలట్ శిక్షణకు వెళ్లాలా అని ఇక్కడ అడిగాను. ఫీజు కట్టే ముందు క్లాస్ 1 వైద్య పరీక్ష (కమర్షియల్ పైలట్లకు తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష) చేయించుకోమని చాలామంది చెప్పారు. చేయించుకున్నాను.

అన్నిటికన్నా భయపెట్టింది రంగులను సరిగా గుర్తించగలమా అని చూసే ఇషిహారా పరీక్ష. డాక్టరు పేజీలు తిప్పుతుంటే రంగు చుక్కల మధ్య దాగిన అంకెలను వెంటవెంటనే చదవాలి. ఒక అంకె దగ్గర గుండె ఆగినంత పనైంది. చివరికి ఫిట్ అని రాసిచ్చారు!

తర్వాత నాన్నా నేనూ కూర్చుని లెక్కలు వేసుకున్నాం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి (ఆమోదిత కోర్సులో అయితే 150). డిగ్రీ అడగరు. కానీ లైసెన్సు ఒక్కటే చాలదు. విమానయాన సంస్థలో చేరాలంటే లైసెన్సుకు తోడు రేటింగులనే అదనపు అర్హతలు ఉండాలి: ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడకపోయినా పరికరాలను చూసి నడపడానికి), మల్టీ ఇంజిన్ రేటింగ్ (ఒకటి కన్నా ఎక్కువ ఇంజిన్లున్న విమానాలకు), ఆపైన టైప్ రేటింగ్ (నడపబోయే విమాన రకానికి) కూడా కావాలి. డబ్బు చాలక శిక్షణ మధ్యలో ఆగితే అలవడిన నైపుణ్యం సడలిపోతుంది, మళ్లీ అదనపు గంటలు ఎగరాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

అందుకే దూరవిద్యలో డిగ్రీ ఇప్పుడే మొదలుపెడుతున్నాను. కోర్సు మొత్తానికి డబ్బు సమకూరిన రోజే శిక్షణలో చేరతాను. ఎప్పుడైనా వైద్య పరీక్షలో తప్పితే ఇంకో దారి ఉండాలని అమ్మ పట్టుబట్టింది. ఆ మాటలో న్యాయం ఉంది.

వాతావరణ శాస్త్రం, నావిగేషన్‌లలో ఏది ముందు చదవాలో అనుభవం ఉన్నవారు చెబితే సంతోషిస్తాను.